ఓరుగల్లు చెరువుల వెంట: నీటి వేడి, క్రేఫిష్ ఆకలి

ఫాల్గుణం చివరి రోజులు చెరువుల మీద తిరగడానికి అనువైనవి. పొద్దు పొడవక ముందు నీళ్లలో చేయి పెడితే ఇంకా చల్లగానే తగులుతుంది. పగలు మూడింటికి అదే ఒడ్డున మోకాలిలోతు నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి. నీటి వేడిని బట్టి జలచరాల ఆకలి ఎలా మారుతుందో చూడాలంటే చలీ ఎండా ఒకే రోజులో దొరికే ఇలాంటి కాలమే కావాలి. మేడారం జాతర మాఘంలోనే అయిపోతుంది కాబట్టి జాతర జరిగిన ఏడాదైనా తాడ్వాయి రోడ్డు ఈపాటికి ఖాళీ అవుతుంది.

ఈ దారిలో చూసేది మన చెరువులనే అయినా మనసులో ఉంచుకోవాల్సింది మన దేశంలో పుట్టని ఒక జీవిని. అదే మంచినీటి క్రేఫిష్, రొయ్యకూ ఎండ్రికాయకూ చుట్టమైన పెద్ద డెక్కల జీవి. భారతదేశంలో సహజంగా క్రేఫిష్ జాతి ఒక్కటీ లేదు. అమెరికా ఎర్ర క్రేఫిష్, ఆస్ట్రేలియా రెడ్‌క్లా మాత్రం మనుషుల చేతుల మీదుగా ఖండాలు దాటాయి. అక్వేరియం దుకాణాల్లో బ్లూ లాబ్‌స్టర్ అని అమ్మేవి ఈ కోవలోవే. తొట్టిలో పెంచి, విసుగొచ్చి, తీసుకెళ్లి కుంటలో వదిలేస్తే అది ఏం తింటుంది, ఏ నెలలో తింటుంది?

నీరు వేడెక్కితే ఎక్కువ తింటుందని చాలామంది ఒక్క మాటలో తేల్చేస్తారు. యూరప్‌లోని చల్లటి ఏర్లకు ఆ మాట చాలావరకు సరిపోతుంది. ఓరుగల్లుకు సరిపోదు. ఇక్కడి ఎండాకాలపు నీరు ఎర్ర క్రేఫిష్ ఆకలిని చంపేంత వేడిది. దానికి కడుపునిండా తిండి దొరికేది, తిన్నది ఒంటబట్టేది మన చలికాలంలోనే. యాసంగి నారు పోసే కాలం కూడా అదే.

మొదటి రోజు: భద్రకాళి, ధర్మసాగర్

తెల్లవారకముందే హన్మకొండ నుంచి భద్రకాళి చెరువు కట్ట మీదికి చేరాలి. సంచిలో ఉండాల్సినవి కొన్నే: 0.1 డిగ్రీ వరకు చూపే ప్రోబ్ థర్మామీటర్, దానికి 3 మీటర్ల తీగ, నీటిలోని ఆక్సిజన్ కొలిచే మీటరు, పెన్సిలు, నోటుబుక్కు. బయల్దేరే ముందు రాత్రే థర్మామీటర్‌ను పరీక్షించాలి. ఐసు ముక్కలు నలగ్గొట్టి గ్లాసు నింపి, అవి తడిసేంత నీళ్లు పోసి, ప్రోబ్‌తో 2 నిమిషాలు కలిపితే 0 చూపాలి. 0.6 చూపిస్తే ఆ తేడాను పరికరం మీదే రాసిపెట్టుకుని ప్రతి కొలతలోంచీ తీసేయాలి. ఇది చేయనివాళ్ల లెక్కల్లో ఉదయానికీ మధ్యాహ్నానికీ తేడా సరిగానే వస్తుంది గానీ, వేరే పరికరంతో తీసిన ఇంకో చెరువు కొలతతో పోల్చడానికి పనికిరాదు.

ఒకేచోట మూడు లోతుల్లో కొలవాలి: పైనుంచి 10 సెంటీమీటర్లు, 1 మీటరు, అడుగు. పై కొలత తీసేటప్పుడు ప్రోబ్ మీద ఒంటినీడ పడేలా నిలబడాలి, లేదంటే ఎండ ప్రోబ్‌నే కాల్చి నీటిని వేడిగా చూపిస్తుంది. మామూలు గాజు థర్మామీటర్‌ను అడుగుకు దించి పైకి లాగి చదివితే, లాగేలోపే అంకె మారిపోతుంది. ఇక ఒడ్డున నిలబడి చేయి చాపినంత దూరంలో కొలిచి చెరువు వేడి ఇంత అనేయడం అందరూ చేసే పొరపాటు. అడుగున తిరిగే జీవికి పైనీటి వేడితో పనిలేదు.

ఆక్సిజన్ తెల్లవారుజామునే కొలవాలి. రాత్రంతా నాచూ చేపలూ ఊపిరి పీల్చుకుంటాయి, ఇచ్చేది ఏదీ ఉండదు. అందుకే ఆ వేళకు అది కనిష్ఠానికి దిగుతుంది. గుర్రపుడెక్క కమ్ముకున్న చోట ఇంకా తక్కువ. నీరు వేడెక్కేకొద్దీ అది పట్టి ఉంచగల ఆక్సిజనే తగ్గుతుంది: 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9.1 మిల్లీగ్రాములు, 30 దగ్గర 7.6, 35 దగ్గర 6.9.

క్రేఫిష్ ఆకలి కథ మొత్తం ఈ అంకెల దగ్గరే మలుపు తిరుగుతుంది. నీటి వేడితో పాటే ఒంటి వేడి మారే జీవి అది. 10 డిగ్రీలు పెరిగితే దాని ఒంటి ఖర్చు దాదాపు రెండింతల నుంచి మూడింతలవుతుంది. రెండింతలే అనుకున్నా, 20 డిగ్రీల దగ్గర రోజుకు 1 గ్రాము చాలే జీవికి 25 దగ్గర 1.4 గ్రాములు, 30 దగ్గర 2 గ్రాములు కావాలి. అంతవరకు తిండి పెరుగుతూనే పోతుంది. ఆ తర్వాత ఖర్చుకు తగిన ఆక్సిజన్ మొప్పలకు అందదు. తిన్నది అరిగించుకోవడానికీ ఆక్సిజన్ కావాలి కనుక ముందుగా మానేసేది తిండినే. ఎర్ర క్రేఫిష్ దాదాపు 22 నుంచి 28 డిగ్రీల మధ్య చక్కగా తిని పెరుగుతుంది. 30 దాటాక తగ్గిపోతుంది. 10 డిగ్రీలకు దగ్గరపడితే దాదాపు కదలదు.

సాయంత్రం ధర్మసాగర్. హన్మకొండకు దగ్గరే. దేవాదుల ఎత్తిపోతలతో గోదావరి నీరు వచ్చి చేరే జలాశయం ఇది. కట్ట రాళ్ల దగ్గర నీరు లోతు, ఎదుటి ఒడ్డున శిఖం, అంటే నీరు తగ్గితే బయటపడే చెరువు నేల, దాని మీద నీరు పల్చన. రెండు చోట్లా ఒకే గంటలో కొలిస్తే తేడా కళ్లకు కడుతుంది. శిఖంలో ఎండవేడి అడుగుదాకా దిగుతుంది. రాళ్ల సందుల్లో, మీటరున్నర కింద చల్లదనం నిలిచే ఉంటుంది. క్రేఫిష్ పగలు ఆ సందుల్లో గడిపి, రాత్రి శిఖం చల్లబడ్డాక మేతకు వెళ్లే రకం. పగటి కొలతలు మాత్రమే చూసి ఈ నీరు దానికి పనికిరాదనుకోవడం తప్పు.

రెండో రోజు: నర్సంపేట, పాఖాల

వరంగల్ నుంచి నర్సంపేట సుమారు 40 కిలోమీటర్లు. అక్కడి నుంచి పాఖాల దగ్గరే. 1213 ప్రాంతంలో కాకతీయ గణపతిదేవుడి కాలంలో కట్టిన చెరువు ఇది, చుట్టూ అభయారణ్యం. చెరువులో బుట్ట వేయాలన్నా ఒక జీవిని పట్టాలన్నా అటవీశాఖ అనుమతి ఉండాలి. కాబట్టి ఇక్కడ కొలతలతో సరిపెట్టి, మిగతా పని కింది ఆయకట్టులో, రైతును అడిగి, పొలం ఒడ్ల మీద చేసుకోవడం మంచిది.

ఒడ్డు మీద వంగి చూస్తే ఎండ్రికాయ బొక్క కనిపిస్తుంది. నోటి చుట్టూ రేగుపండంత మట్టి ఉండలు. ఉండలు తడిగా మెరుస్తుంటే రాత్రే తవ్వింది, లోపలే ఉంది. ఎండి పగుళ్లు పడితే ఖాళీ అయినా కావచ్చు. మసక చీకట్లో టార్చికి ఎర్ర కాగితం చుట్టి చూస్తే మేత కూడా కనిపిస్తుంది. పెద్ద డెక్కతో కాడను అదిమిపట్టి, చిన్న డెక్క కొనతో నాచు పోగులు ఒక్కొక్కటే తుంచి నోటికి అందిస్తుంది. వరి పిలక దొరికితే మొదలు దగ్గరే కత్తిరిస్తుంది, తినేది కొంత, నీళ్లలో తేలిపోయేది ఎక్కువ. ఎర్ర క్రేఫిష్ పద్ధతీ ఇదే. కాలిఫోర్నియాలో, స్పెయిన్, పోర్చుగల్‌లలో వరి రైతులు దానితో పడే బాధ కూడా ఇదే: మొలక తినడం, ఒడ్డు తొలిచి నీరు కార్చడం, అడుగు కలబెట్టి నీటిని బురద చేయడం. నాటిన ముదురు నారు కొంతవరకు తట్టుకుంటుంది. వెదజల్లిన విత్తనం, రెండాకుల మొలక తట్టుకోలేవు. కూలీల ఖర్చు తగ్గుతుందని వెదజల్లే పద్ధతికి మారుతున్న ఊళ్లు ఈ ఒక్క విషయం గుర్తుంచుకోవాలి.

ఏం తింటుందన్నది కూడా వేడిని బట్టి మారుతుంది. మధ్యధరా ప్రాంతపు వడగాడ్పుల దృష్టితో చేసిన ఒక ప్రయోగం 2017లో అచ్చయింది. అందులో ఎర్ర క్రేఫిష్‌లకు కొన్నిటికి మాంసాహారం, కొన్నిటికి మొక్కలు, కొన్నిటికి రెండూ పెట్టి కొద్ది రోజుల, ఎక్కువ రోజుల వడగాడ్పుల వేడికి గురిచేశారు. ఎక్కువ రోజులు వేడిలో ఉంటే మాంసం మాత్రమే తిన్న పిల్లలకు ఎదుగుదల నిలబడలేదు. చల్లటి నీటిలో మొక్కలే తిన్నవాటికి ఒంట్లో నిల్వలు సరిగా చేరలేదు. రెండూ పెట్టినవాటిలో, వేడి నీటిలో మొక్కల ఆహారమే ఎక్కువగా ఒంటబట్టింది. మొత్తమ్మీద ఎక్కువ రోజుల వడగాడ్పు వాటికి మేలు చేయలేదు, కీడే చేసింది.

అమెరికాలోని ల్యూసియానాలో క్రేఫిష్ పెంచే రైతులు ఇలాంటిదే ఎర దగ్గర గమనించారు. నీరు సుమారు 21 డిగ్రీల కంటే చల్లగా ఉన్నన్నాళ్లు చేప ముక్కలు పెట్టిన బుట్టల్లో ఎక్కువ పడతాయి. అంతకంటే వేడెక్కాక ధాన్యపు పిండితో చేసిన గుళికలు బాగా పనిచేస్తాయి. అక్కడ వరి కోసిన మళ్లలో శరదృతువులో నీరు పెట్టి, చలికాలం మీదుగా వసంతం దాకా పడతారు. మండు వేసవిలో క్రేఫిష్ బొక్కల్లో దాక్కుంటుంది. నీరు ఇంకా వేడిగా ఉండగానే మళ్లు నింపితే గడ్డి కుళ్లి ఆక్సిజన్ పడిపోతుందని, చల్లబడేదాకా ఆగుతారు. మన పంటకాలాన్ని ఆ లెక్కతో పక్కపక్కన పెట్టి చూస్తే కార్తీకం నుంచి ఫాల్గుణం దాకా దానికి తిండికాలం.

పరాయి క్రేఫిష్‌ను తెచ్చి చూడలేం కనుక ఎర పరీక్ష మన ఎండ్రికాయలతో చేసి చూడొచ్చు. ఒకే కన్ను వల ఉన్న రెండు బుట్టలు తీసుకుని ఒకదాంట్లో 150 గ్రాముల చేప తలలు, ఇంకోదాంట్లో అంతే బరువు వేరుశనగ చెక్క పెట్టి, పొద్దుగూకే వేళ కాలువలో 10 మీటర్ల ఎడంగా దించాలి. మర్నాడు పొద్దు పొడవగానే తీసి లెక్కపెట్టాలి, మరుసటి రాత్రి చోట్లు మార్చాలి. లేకపోతే గెలిచింది ఎరనా, చోటా అన్నది తేలదు. బుట్ట పైభాగం నీటికి పైన ఉండటం తప్పనిసరి. తాబేలు, నీటిపాము, కొర్రమీను, ఏది చిక్కుకున్నా గాలి పీల్చుకునే దారి ఉండాలి.

సాయంత్రం తొట్ల పరీక్ష కోసం డిప్ప వెడల్పు 4 సెంటీమీటర్లకు అటూఇటూ ఉన్న ఎండ్రికాయలను 15 ఏరుకుని, తడి గోనెసంచిలో ములుగుకు తీసుకెళ్లాలి. ఏ ఒడ్డు నుంచి తీశామో గుర్తు పెట్టుకోవాలి, తిరిగి అక్కడే వదలాలి.

మూడో రోజు: ములుగు, రామప్ప

పగలంతా తొట్ల పనే. 5 లీటర్ల ప్లాస్టిక్ తొట్లు 18: మూడు వేడిమిలకు అయిదేసి జీవులు, ఒక్కో వేడిమికి జీవి లేని తొట్టి ఒకటి. 20, 26, 32 డిగ్రీలు పెట్టుకోవచ్చు. చల్లబరచడానికి మూత బిగించిన ఐసు సీసాలు, వేడి చేయడానికి థర్మోస్టాట్ ఉన్న అక్వేరియం హీటరు. తొట్లను విడివిడిగా వేడిచేయడం కంటే ఆరేసి తొట్లను ఒక పెద్ద నీళ్ల పళ్లెంలో నిలబెట్టి పళ్లెం నీటినే సరిచూసుకోవడం తేలిక. కరెంటు పోయినా ఆ నీరు గంటసేపు వేడిని నిలుపుతుంది.

గంటకు 1 డిగ్రీ చొప్పునే మార్చాలి. ఒక్కసారిగా 32లో వేస్తే జీవి బెదిరి ముడుచుకుంటుంది, దాన్నే ఆకలి లేదని రాసుకుంటాం. పట్టినప్పటి నుంచి తిండి లేకుండా 24 గంటలు ఉంచాలి. ఒక్కో తొట్టిలో ఒక్కటే జీవి, లేదంటే ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి. దాక్కోవడానికి ఒక పైపుముక్క, పైన వల. కుబుసం విడవబోయేవి, కొత్తగా విడిచి మెత్తగా ఉన్నవి, డెక్క ఊడినవి, పొట్ట కింద గుడ్లున్నవి పనికిరావు, అవి ఏ వేడిలోనూ సరిగా తినవు. పరీక్షకు ముందు సగం నీరు మార్చాలి. విసర్జనతో చేరే అమ్మోనియా ఒకే మోతాదులో ఉన్నా వేడి నీటిలో ఎక్కువ విషమవుతుంది. 32 డిగ్రీల తొట్టిలో తిండి తగ్గితే అది వేడివల్లా, మురికివల్లా అన్న అనుమానం మిగలకూడదు.

మేతకు హైడ్రిల్లా నాచు. నీళ్లలోంచి తీసి పాత నూలు బట్టలో చుట్టి, అన్నిటికీ ఒకే ఒత్తిడితో రెండుసార్లు అద్ది, 3 గ్రాములు తూచాలి. ఈ అద్దడంలోనే ఎక్కువ పరీక్షలు చెడిపోతాయి. ఒకసారి గట్టిగా, ఒకసారి మెత్తగా అద్దితే అర గ్రాము తేడా వస్తుంది, ఎండ్రికాయ రాత్రంతా తినేది కూడా అంతే ఉండొచ్చు. సాయంత్రం 6కు వేసి ఉదయం 6కు తీయాలి. పగటి పరీక్షకు విలువ తక్కువ, ఇవి చీకట్లో మేసే జీవులు.

నాచు వేసే వేళలోపు పాలంపేట వెళ్లి రావచ్చు. రామప్ప గుడి శాసనం, పాఖాల కట్ట ఒకే కాలానివి. గుడి చూసేవాళ్లలో చాలామంది పక్కనున్న చెరువు దాకా రారు. కొండల మధ్య ఒడిసిపట్టిన ఆ నీటికి తూము దగ్గర లోతు ఎక్కువ, మధ్యాహ్నపు వేడి అక్కడ అడుగుకు చేరదు. చేపలు పట్టేవాళ్లు ఒడ్డున ఉంటే, "కాకా, ఎండాకాలం చేప ఏ జాగల ఆగుతది?" అని అడగాలి. థర్మామీటర్ రోజంతా చెప్పేది వాళ్లు ఒక్క చేయి చాపి చూపిస్తారు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీసిన చెరువులకూ ఇలాంటి లోతు గుంటలు వచ్చాయి. నీటికీ చేపకూ అది మేలు. వేసవి దాటడానికి చల్లటి చోటు వెతుక్కునే పరాయి జీవికీ అదే ఆసరా అవుతుంది.

నాలుగో రోజు: తొట్ల లెక్క, లక్నవరం

ఉదయం మిగిలిన నాచు అదే బట్టలో అద్ది తూచాలి. జీవి లేని తొట్టిలో ఎంత తగ్గిందో అంతా ప్రతి తొట్టి లెక్కలోంచి తీసేయాలి. నాచు వేడిలో తనంతట తానే చితికి రాలుతుంది. ఆ తేడా తీయకపోతే 32 డిగ్రీల ఎండ్రికాయ అన్నిటికంటే తిండిపోతుగా తేలుతుంది. తర్వాత జీవి బరువుతో భాగించి, గ్రాము బరువుకు ఎంత తిన్నదో చూడాలి. అయిదింటిలో ఒకటి ఏమీ తినకపోతే దాన్ని వదిలేయకుండా అలాగే రాయాలి.

జంతు ఆహారంతో చేసే పరీక్ష వేరు. అక్కడ దోమపిల్లలనో నత్తపిల్లలనో 2, 4, 8, 16, 32 ఇలా పెంచుతూ ఇచ్చి, ఎన్ని తిన్నదో గీత గీస్తారు. మొదట ఇచ్చినవన్నీ తింటుంది, తర్వాత గీత వంగి ఒకచోట ఆగుతుంది. పెళ్లి పంక్తిలో ఎంత వడ్డించినా నమిలి మింగడానికి పట్టే సమయం తగ్గదు, అలాంటిదే ఇది. వేడి పెరిగితే పట్టుకోవడం, నమలడం, అరగడం మూడూ వేగమవుతాయి, గీత ఇంకా పైన ఆగుతుంది. హద్దు దాటాక అదే గీత కిందికి దిగుతుంది. పరాయి జీవి గీత, స్థానిక జీవి గీత ఒకే కాగితం మీద పెడితే ఎవరి వల్ల ఎంత నష్టమో అంచనాకు వస్తుంది. దక్షిణాఫ్రికాలో అక్కడి ఏటి పీతలను ఎర్ర క్రేఫిష్, రెడ్‌క్లాలతో ఇలా పోల్చినప్పుడు, వేడి నీటిలో పీతల కంటే క్రేఫిష్‌లదే పైచేయి అయింది.

రెడ్‌క్లా పేరు వచ్చింది కనుక దాని గురించి గట్టిగానే చెప్పాలి. మన ఎండాకాలం ఎర్ర క్రేఫిష్‌ను అణిచిపెడుతుందన్న ధైర్యం దీని ముందు నిలవదు. ఉత్తర ఆస్ట్రేలియా, దక్షిణ న్యూగినీ దీని పుట్టిల్లు. దాదాపు 23 నుంచి 31 డిగ్రీల దాకా హాయిగా పెరుగుతుంది. చలికే ఓర్చుకోలేదు. యూరప్‌లో స్లొవేనియాలో, వేడి ఊటల నీరు చేరే ఒక పాత నదిపాయలో స్థిరపడింది. ఆఫ్రికాలో జాంబియా, జింబాబ్వే నీళ్లలో విస్తరించింది. లక్నవరం లాంటి, దీవులతో లోతుగా ఉన్న చెరువులో దీనికి చలికాలం తెల్లవారుజాములే ఇబ్బంది, మిగతా ఏడాదంతా తిండే. ఆ కొద్ది చలీ తగ్గుతూ పోతే దానికి పట్టపగ్గాలుండవు. అందుకే రాబోయే ఏళ్లలో ఇక్కడ చూడాల్సింది మే నెల గరిష్ఠ ఉష్ణోగ్రత కంటే ముఖ్యంగా జనవరి తెల్లవారుజామున అడుగునీటి కనిష్ఠం. వేలాడే వంతెన మీది జనానికి దూరంగా, కట్ట రాళ్ల పక్కన, గంటకోసారి తనంతట తాను రాసుకునే లాగర్‌ను ఒక ఇటుకకు కట్టి అడుగున ఉంచడానికి ఇది మంచి చోటు. నీటిపారుదల సిబ్బందికి చెప్పి పెట్టాలి, తీగ బయటికి కనపడకూడదు.

అయిదో రోజు: ఏటూరునాగారం, గోదావరి

అడవి దారిన ఏటూరునాగారం చేరి, రామన్నగూడెం ఘాట్ దగ్గర నదిలోకి దిగాలి. ఈ కాలంలో నీరు పాయలుగా చీలి, మధ్యలో ఇసుక తేలి ఉంటుంది. పారే పాయకూ ఇసుకలో చిక్కుబడ్డ మడుగుకూ వేడిలో తేడా ఇక్కడంత స్పష్టంగా ఇంకెక్కడా తెలియదు. తుపాకులగూడెం దగ్గరి సమ్మక్క బ్యారేజీ ఆపిన నీటినే దేవాదుల పంపులు ఎత్తి ధర్మసాగర్ వైపు పంపుతాయి. మరోవైపు పోచంపాడు నుంచి కాకతీయ కాలువ వస్తుంది. ఒక చెరువులో పడ్డ జీవి ఆ చెరువుతోనే ఆగాలని లేదు. మత్తడి దూకితే ఒర్రె, ఒర్రె నుంచి వాగు, వాగు నుంచి నది. వానాకాలపు తడి రాత్రుల్లో క్రేఫిష్ నేల మీద నడిచి కూడా పక్క కుంటకు పోతుంది.

వల్లో వింతగా ఏదైనా పడితే ముందు కాళ్లు చూడాలి. జలాశయాల్లో వదిలే నీలకంఠ రొయ్యకు పొడవైన నీలం డెక్కలుంటాయి, దాన్ని చూసి క్రేఫిష్ అని కంగారు పడేవాళ్లున్నారు. రొయ్యకు మొదటి రెండు జతల కాళ్లకే చిమటాలు, వాటిలో రెండో జత పెద్దది. క్రేఫిష్‌కు మొదటి మూడు జతలకు చిమటాలు, మొదటి జత బలిసి ఉంటుంది. రొయ్య ఒళ్లు పక్కలకు నొక్కినట్టు, క్రేఫిష్ ఒళ్లు గుండ్రంగా, డిప్ప గట్టిగా ఉంటుంది. మగ రెడ్‌క్లా డెక్క బయటి అంచున మెత్తటి ఎర్ర మచ్చ. ఎర్ర క్రేఫిష్ డెక్కల నిండా ఎర్రటి బొడిపెలు. పాలరాతి మరకలతో, సన్నటి డెక్కలతో ఉంటే అది మార్బుల్ క్రేఫిష్. 1990ల్లో జర్మనీ అక్వేరియాల్లో బయటపడ్డ జాతి, అన్నీ ఆడవే, మగతోడు లేకుండానే పిల్లలు పెడుతుంది, మడగాస్కర్ వరిమళ్లలో వ్యాపించింది. దీనికి ఒక్కటి చాలు. అనుమానం ఉంటే తిరిగి నీళ్లలో వదలకూడదు. పైనుంచి, కిందినుంచి, డెక్కల దగ్గరగా ఫొటోలు తీసి, ఐసుపెట్టెలో వేసి, చోటూ తేదీ రాసి, జిల్లా మత్స్యశాఖ కార్యాలయానికి అందించాలి.

ఘాట్ వదిలే ముందు వలలు, బూట్లు, బుట్టల బురద అక్కడే కడగాలి. బసకు చేరాక 45 డిగ్రీల వేడినీటిలో 15 నిమిషాలు నానబెట్టి, ఎండలో పూర్తిగా ఆరబెట్టాలి. బూటు లేసుల ముడులు విప్పి ఆరేయాలి, తడి నిలిచేది వాటిలోనే. ఎండ్రికాయలను నర్సంపేట దారిలో వాటి ఒడ్డు మీదే, సాయంత్రం చల్లబడ్డాక వదలాలి. లక్నవరం అడుగున పెట్టిన లాగర్‌ను సంక్రాంతి దాటిన వారంలో తీస్తే చలికాలపు కనిష్ఠం అందులో దొరుకుతుంది.